గుండె స్కానింగ్ పరిశోధనలో చేరమన్నారా? సంతకానికి ముందు ఇవి చూసుకోండి

ఎకో అయిపోయింది, రిపోర్టు చేతికొచ్చింది, మందుల చీటీ కోసం డాక్టరుగారి గది బయట కూర్చున్నారు. ఈలోపు ఫైలు పట్టుకుని ఒకరు వచ్చి, "నాన్నగారికి సరిపోయే స్టడీ ఒకటి జరుగుతోందండీ, ఓ పది నిమిషాలు మాట్లాడొచ్చా" అంటారు. గుంటూరు కొత్తపేటలోనో, విజయవాడ సూర్యారావుపేటలోనో, మెడికల్ కాలేజీ ఆసుపత్రిలోనో మీకూ ఇలా ఎదురుకావచ్చు. ఆ ఫైలు పట్టుకొచ్చే ఉద్యోగమే నాది, క్లినికల్ రీసెర్చ్ కోఆర్డినేటర్ అంటారు. ఎక్కువగా రెండు రకాల జవాబులు వింటుంటాను. "మా మీద ప్రయోగాలు చేస్తారా?" అని లేచి వెళ్లిపోయేవాళ్లు కొందరు, "స్కానింగులన్నీ ఫ్రీయే కదా, ఎక్కడ పెట్టాలి సంతకం?" అని పేపరు వంక కూడా చూడకుండా పెన్ను అందుకునేవాళ్లు ఇంకొందరు. ఆ రెండో రకాన్ని చూస్తేనే నాకు ఎక్కువ బెంగ.

పరిశోధన సంగతి పక్కన పెట్టి, గుండెకి ఏ స్కానింగ్ రాసినా సరే ఒక ప్రశ్న పట్టుకోండి: "దీని ఫలితాన్ని బట్టి మా వైద్యంలో ఏం మారుతుందండీ?" మామూలు వైద్యంలో దీనికి ఏదో ఒక జవాబు ఉండి తీరాలి. మందు మారుతుందనో, డోసు మారుతుందనో, ఆపరేషన్ వాయిదా వేయొచ్చనో చెప్పగలగాలి. పరిశోధనలో మాత్రం "మీ వరకు ఏమీ మారకపోవచ్చు, రేపటి పేషంట్లకి పనికొస్తుంది" అనేది కూడా సరైన జవాబే, ఎన్నో మంచి మందులు మనదాకా వచ్చింది అలా ఒప్పుకున్న మనుషుల వల్లే. కాకపోతే ఆ మాట మీకు ముందే చెప్పాలి, అది తెలిసి మీరు ఒప్పుకోవాలి.

ఇది ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, పరిశోధన కోసం తీసిన స్కానింగ్ రిపోర్టు మీ చేతికి రాకపోయే అవకాశం ఉంది. 2020లో ఫలితాలు ప్రచురించిన ఇస్కీమియా అనే పెద్ద ట్రయల్‌నే, అంటే పేషంట్ల మీద చేసిన పరిశోధననే తీసుకోండి. మొదట్లోనే స్టెంటో బైపాసో చేయడం మేలా, ముందు మందులతో చూడడం మేలా అని పోల్చారందులో. మన దేశం కూడా అందులో ఉంది, మొత్తం 5,179 మందిని తీసుకున్నారు. అందులో చాలామందికి ముందుగా సీటీ యాంజియోగ్రామ్, అంటే రంగు మందు ఎక్కించి గుండె రక్తనాళాల్ని చూసే స్కానింగ్ తీశారు, కానీ ఆ బొమ్మలు వేరే చోట ఉన్న కోర్ ల్యాబ్‌కి వెళ్లేవి, ఎడమవైపు ప్రధాన రక్తనాళంలో పెద్ద బ్లాకు ఉందా, అసలు బ్లాకే లేదా అని చూసి ఈ మనిషి ట్రయల్‌కి పనికొస్తాడో లేదో మాత్రమే అక్కడినుంచి చెప్పేవాళ్లు, మిగతా వివరాలు వైద్యం చేసే డాక్టరుకి కూడా చెప్పేవాళ్లు కాదు. ఏ నాళంలో ఎంత బ్లాకు ఉందో తెలిస్తే డాక్టరు మనసు ఒకవైపు మొగ్గుతుందని, అలా మొగ్గితే పోలిక చెడిపోతుందని అలా కట్టుదిట్టం చేశారు. కాబట్టి వాళ్లిచ్చే సమ్మతి ఫారం చదివేటప్పుడు మొదట వెతకాల్సింది ఇదే: రిపోర్టు మాకు ఇస్తారా, ఎప్పుడు ఇస్తారు, స్కానింగులో గుండె కాకుండా ఊపిరితిత్తిలో గడ్డలాంటిది ఏదైనా కనబడితే ఎవరు చెబుతారు, చెప్పాక దాని వైద్యం ఖర్చు ఎవరిది? సీటీలో గుండె చుట్టుపక్కలవి కూడా కొంత పడతాయి, అందుకని ఇది ఊరికే అడిగే ప్రశ్న కాదు.

అదే ట్రయల్ ఫలితం మన ఊళ్లలో అందరికీ తెలియాల్సింది. నడిచినప్పుడు వచ్చే ఛాతీనొప్పి నిలకడగా ఉండి, గుండెకి శ్రమ పెట్టి చూసే స్ట్రెస్ టెస్టులో తేడా గట్టిగానే కనబడినవాళ్లలో, మందులతో పాటు మొదట్లోనే యాంజియో చేసి అవసరాన్నిబట్టి స్టెంటో బైపాసో చేసినా, ముందు మందులతోనే చూసినా, సగటున మూడేళ్ల పైచిలుకు కాలంలో మరణాల్లో గానీ గుండెపోట్లలో గానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నొప్పితో రోజూ ఇబ్బంది పడేవాళ్లకి మాత్రం స్టెంటు, బైపాస్ వల్ల ఉపశమనం బాగా కనబడింది. ఇక్కడ జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి, అప్పటికప్పుడు గుండెపోటు వచ్చినవాళ్లు, ఎడమ ప్రధాన నాళంలో పెద్ద బ్లాకు ఉన్నవాళ్లు, పంపింగ్ బాగా పడిపోయినవాళ్లు ఆ ట్రయల్‌లో లేరు. గుండెపోటు వచ్చిన మనిషిని ముందు పెట్టుకుని "మందులు చాలంట కదా" అనడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ఏ పరిశోధన ఫలితమైనా ఎలాంటివాళ్లని తీసుకున్నారు, ఎవర్ని వదిలేశారు అన్నది చూశాకే మనకి వర్తిస్తుందో లేదో తెలుస్తుంది.

స్కానింగ్ వల్ల ఏం మారుతుంది అనడానికి నాకు బాగా నచ్చే ఉదాహరణ స్కాట్లాండ్‌ది. ఛాతీనొప్పితో వచ్చిన 4,146 మందిలో సగం మందికి మామూలు పరీక్షలు, మిగతా సగానికి వాటితో పాటు సీటీ యాంజియోగ్రామ్ చేశారు. అయిదేళ్ల తర్వాత 2018లో లెక్క చూస్తే, గుండెజబ్బుతో చనిపోవడం లేదా గుండెపోటు రావడం సీటీ తీసినవాళ్లలో 2.3 శాతం, తీయనివాళ్లలో 3.9 శాతం. స్టెంట్లు ఎక్కువ వేయడం వల్ల వచ్చిన తేడా కాదిది, అయిదేళ్లలో స్టెంట్లు, బైపాస్‌లు రెండు వైపులా దాదాపు సమానమే. నాళంలో కొవ్వు పేరుకున్నట్టు స్కానింగులో కనబడినవాళ్లకి కొలెస్ట్రాల్ మాత్రలు, ఆస్పిరిన్ లాంటివి సరిగ్గా మొదలుపెట్టడమే అసలు కారణమని పరిశోధకులు భావించారు. అంటే మేలు చేసింది బొమ్మ కాదు, బొమ్మ చూశాక వేసుకున్న మాత్ర. సీటీ తీయించుకుని, "బ్లాకు 30 శాతమేనట, భయం లేదన్నారు" అని మాత్రలు మానేసి తిరిగేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

గుండె స్కానింగ్ అంటే బ్లాకుల కోసమే అని చాలామంది అనుకుంటారు గానీ, మిగతా జబ్బుల వైద్యం కూడా దాని మీద ఆధారపడి ఉంటుంది. రొమ్ము క్యాన్సర్‌కి డాక్సోరూబిసిన్, ట్రాస్టుజుమాబ్ లాంటి మందులు ఎక్కించేటప్పుడు గుండె పంపింగ్ తగ్గే ప్రమాదం ఉంది, అందుకే మొదలుపెట్టే ముందు ఒక ఎకో, ట్రాస్టుజుమాబ్ నడుస్తున్నన్నాళ్లూ దాదాపు మూడు నెలలకోసారి ఎకో తీస్తారు. ఆ మొదటి ఎకో రిపోర్టు పోగొట్టుకుంటే, తర్వాత పంపింగ్ 52 శాతం అని వస్తే దాన్ని దేంతో పోల్చాలో ఎవరికీ తెలియదు. తలసీమియా పిల్లలకి నెలనెలా రక్తం ఎక్కిస్తుంటే ఇనుము గుండెలో పేరుకుంటుంది, రక్తపరీక్షలో ఇనుము నిల్వల్ని చెప్పే ఫెరిటిన్ చూస్తే గుండెలో ఎంత ఉందో కచ్చితంగా తెలియదు. ఎమ్మారైలో టీ2 స్టార్ అనే కొలత 20 మిల్లీసెకన్ల కన్నా తక్కువుంటే గుండెలో ఇనుము చేరినట్టు, 10 కన్నా తక్కువైతే ప్రమాదం బాగా దగ్గరపడినట్టు. ఈ కొలత ఉపయోగాన్ని లండన్ పరిశోధకులు 2001లో ప్రచురించారు, ఆ తర్వాత ఇనుము తీసే మందుల డోసు ఎమ్మారై చూసి మార్చడం మొదలైంది. మీ పిల్లకి తలసీమియా ఉండి, ఇప్పటిదాకా ఎవరూ గుండె ఎమ్మారై మాట ఎత్తకపోతే మీరే ఎత్తండి.

కీళ్లవాత జ్వరం (రుమాటిక్ ఫీవర్) తర్వాత గుండె వాల్వులు పాడయ్యే జబ్బు సంగతి ఇంకా చెప్పాలి, ఎందుకంటే అది ఎక్కువగా పట్టేది మనలాంటి దేశాలనే, పెద్ద పరిశోధనలకి డబ్బు మాత్రం దాని మీదికి ఆలస్యంగా వచ్చింది. ఉగాండాలో 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకి ఎకోతో స్క్రీనింగ్ చేసి, పైకి ఏ లక్షణమూ లేకుండా వాల్వులో తొలి మార్పులు కనబడిన 818 మందిని తీసుకుని, సగం మందికి నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. రెండేళ్లకి జబ్బు ముదిరింది ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలో 0.8 శాతం, తీసుకోనివాళ్లలో 8.2 శాతం. 2022లో ఇంకొకటి వచ్చింది, ఇన్విక్టస్ అని, మన దేశం పేషంట్లు కూడా ఉన్నారు. ఇలా వాల్వులు పాడై గుండె లయ కూడా తప్పినవాళ్లకి కొత్తరకం రక్తం పల్చబరిచే మాత్ర రివరాక్సబాన్ కన్నా వార్ఫరిన్ రకమే మేలని అందులో తేలింది. వార్ఫరిన్ వాడుతూ, రక్తం ఎంత పల్చబడిందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష ప్రతినెలా విసుగనిపించి కొత్త మాత్రకి మార్చమని అడిగేవాళ్లుంటారు, మీ ఎకోలో మైట్రల్ వాల్వు సన్నబడిందని ఉంటే ఆ మార్పు డాక్టరుతో మాట్లాడకుండా చేయొద్దు. వార్ఫరిన్ వాడుతున్నామని ఆకుకూరలు కూడా మానక్కర్లేదు, ఈ వారం మూడుపూటలా గోంగూర, వచ్చే వారం అసలు లేదు అన్నట్టు కాకుండా ఒకే తీరుగా తింటే చాలు.

ఇక ఎకో రిపోర్టు. పరిశోధనలో చేర్చుకోవాలా వద్దా అనేది చాలాసార్లు దీన్నిబట్టే తేలుతుంది, కాబట్టి అందులో రెండు మూడు మాటలు తెలిసి ఉంటే మంచిది. ఈఎఫ్ అంటే గుండె ఒక్కో కొట్టుడుకి లోపలున్న రక్తంలో ఎంత శాతం బయటికి నెడుతోందన్నది, మనవాళ్లు పంపింగ్ అనేది దీన్నే. 55 నుంచి 70 మధ్య ఉంటే మామూలు. 100 రావాలేమో అనుకుని 60 చూసి ఏడ్చినవాళ్లున్నారు, అలా భయపడకండి. 40కి తగ్గితే మాత్రం దానికంటూ ప్రత్యేకమైన మందులు ఉన్నాయి, అవి మొదలుపెట్టారో లేదో అడగాలి. ఆర్‌డబ్ల్యూఎంఏ అని రాసుంటే గుండె గోడలో ఒక భాగం సరిగ్గా కదలడం లేదని, "నో" అని ముందు ఉంటే ఆ తేడా లేదని. గ్రేడ్ వన్ డయాస్టాలిక్ డిస్ఫంక్షన్ (గుండె వదులవడంలో తొలిదశ తేడా) అనేది వయసు పైబడినవాళ్లలో, బీపీ ఉన్నవాళ్లలో చాలా మామూలుగా కనబడుతుంది, ఆ ఒక్క లైను చూసి గుండె ఫెయిలైందని ఇంట్లో ప్రకటించకండి. ఇంకో సంగతి, ఈఎఫ్ చూసే మనిషిని బట్టి, మెషిన్‌ని బట్టి అయిదారు పాయింట్లు అటూఇటూ మారుతుంది, పోయినసారి 60, ఈసారి 55 అంటే జబ్బు పెరిగిందని అర్థం కాదు. కుదిరితే ఒకే చోట తీయించుకోండి, రిపోర్టు కాగితంతో పాటు బొమ్మలున్న సీడీ గానీ పెన్‌డ్రైవ్ గానీ అడిగి తీసుకోండి. తర్వాత ఇంకో డాక్టరు మళ్లీ చూడాలంటే కాగితం సరిపోదు.

పరీక్షల ముందు జాగ్రత్తలు త్వరగా చెప్పేస్తాను. మామూలు ఎకోకి ఉపవాసం అక్కర్లేదు, గొంతులోంచి గొట్టం వేసి చూసే ఎకోకి కావాలి. ట్రెడ్‌మిల్ మీద నడిపించి చూసే టీఎంటీకి చీరకట్టుకుని, చెప్పులతో వస్తే నడవడం కష్టం, పంజాబీ డ్రెస్సు, బూట్లు వేసుకు రండి. సీటీ యాంజియోగ్రామ్‌కి గుండె వేగం 60 దరిదాపుల్లో ఉంటే బొమ్మ చక్కగా వస్తుంది, అందుకే ముందు వేగం తగ్గించే మాత్ర ఇస్తారు, ఆరోజు కాఫీ, టీ మానేయండి, ఆస్తమా ఉంటే ఆ మాత్ర మింగకముందే చెప్పండి. రంగు మందు ఎక్కించినప్పుడు ఒంట్లో వేడిగా అనిపిస్తుంది, అది మామూలే. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు లేకుండా ఆ మందు ఎక్కించుకోకండి, షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఆపాలా వద్దా అన్నది కిడ్నీల పనితీరును బట్టి డాక్టరు చెబుతారు. ఎమ్మారైకి రేడియేషన్ ఉండదు గానీ ముప్పావు గంట నుంచి గంట దాకా పడుతుంది, ఊపిరి బిగబట్టమన్నప్పుడల్లా బిగబట్టాలి. మంగళసూత్రం, మెట్టెలు, జడపిన్నులు, చీరకి పెట్టిన పిన్నీసులతో సహా అన్నీ ఇంటి దగ్గరే తీసి రండి, అక్కడికొచ్చాక మెట్టెలు ఊడక సబ్బు నీళ్లు తెప్పించడం నేను చాలాసార్లు చూశాను. స్టెంటు ఉన్నంత మాత్రాన ఎమ్మారై కూడదని కాదు, కానీ పేస్‌మేకర్ ఉంటే దాని కార్డు చూపించకుండా ఆ గదిలో అడుగు పెట్టొద్దు.

ఇప్పుడు ఆ ఫారం. పరిశోధన వివరాల పత్రం, సమ్మతి పత్రం అని రెండు భాగాలుంటాయి, మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. ఇంగ్లీషు కాగితం పెట్టి "ఏం లేదండీ, మామూలు ఫార్మాలిటీ" అంటే సంతకం పెట్టకండి, తెలుగుది అడగండి. ఇంటికి తీసుకెళ్లి చదువుకుంటామని చెప్పే హక్కు మీకుంది. ఆరోజే పెట్టాలని తొందరపెట్టేవాళ్లని నేను నమ్మను, మీరూ నమ్మకండి. చదవడం రాని పెద్దవాళ్లయితే ఆ పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఒకరు పక్కన ఉండి, అంతా చదివి వినిపించాక సంతకం చేయాలి. కొత్తగా కనిపెట్టిన మందు అయి, చేరేది తేలిగ్గా ఒత్తిడికి లొంగే స్థితిలో ఉన్నవాళ్లయితే మొత్తం మాటామంతీ వీడియో తీయాలని 2019 నాటి కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు చెబుతున్నాయి. కెమెరా పెట్టారని కంగారు పడక్కర్లేదు, అది మీకు రక్షణ. నామినీ పేరు, అతను మీకు ఏమవుతాడు, మీ సంపాదన ఎంత లాంటివి కూడా రాయిస్తారు, ట్రయల్ వల్ల హాని జరిగితే పరిహారం కోసం అది. ఆ గడి ఖాళీగా వదిలేసి పోవద్దు. సంతకాలయ్యాక ఒక కాపీ మీ చేతిలో పెట్టాలి, పెట్టకపోతే కుర్చీలోంచి లేవకండి.

చదివేటప్పుడు ఏది మామూలు వైద్యం, ఏది పరిశోధన కోసం అదనం అన్నది గీత గీసి విడదీయమని కోఆర్డినేటర్ని అడగండి. మీకు ఎలాగూ కావాల్సిన ఎకోని "ఫ్రీ" అని చూపించి, పరిశోధన కోసం అదనంగా రెండు సీటీలు రాసి ఉండొచ్చు, ఆ రెండింటి రేడియేషన్ ఎంతో, ఎందుకో తెలియాలి. మనందరికీ ప్రకృతి నుంచి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్ట్ల రేడియేషన్ ఎలాగూ తగులుతుంది, ఫారంలో ఉన్న అంకెని దీని పక్కన పెట్టి చూసుకుంటే ఒక అంచనా వస్తుంది. రెండు గ్రూపులుంటే మీరు ఏ గ్రూపులో పడతారన్నది కంప్యూటరు తీసే లాటరీయే, డాక్టరుగారి ఇష్టం కాదు, బతిమాలితే మారదు. ఒక గ్రూపుకి మందు లేని మాత్ర ఇస్తారా, ఇస్తే ఇప్పుడు వాడుతున్న మందులు ఆపేస్తారా, ఈ ప్రశ్నకి సూటిగా జవాబు రాబట్టండి. రానుపోను ఖర్చు ఇస్తారా, తెనాలి నుంచో సత్తెనపల్లి నుంచో ఎన్నిసార్లు రావాలి, ట్రయల్ అయిపోయాక మందు పనిచేస్తే కొనసాగిస్తారా అన్నవి కూడా. ఒప్పుకోకపోతే వైద్యంలో చిన్నచూపు చూస్తారన్న భయం చాలామందిలో ఉంటుంది. ఒప్పుకోకపోయినా, మధ్యలో మానేసినా మీకు రావాల్సిన వైద్యం, ఎన్టీఆర్ వైద్యసేవ కింద వచ్చేదైనా సరే, ఆగకూడదు, ఆ మాట ఫారంలోనే రాసి ఉండాలి.

చెప్పిన మాటలు నిజమో కాదో ఇంట్లో కూర్చుని సరిచూసుకోవచ్చు. సీటీఆర్‌ఐ అని క్లినికల్ ట్రయల్స్ జాతీయ రిజిస్ట్రీ ఒకటి 2007 నుంచి ఉంది, మందుల ట్రయల్స్ అందులో నమోదు చేయడం 2009 జూన్ నుంచి తప్పనిసరి చేశారు. ఫారం మీద సీటీఆర్‌ఐ అక్షరాలు, ఏడాది, నెల, ఆ తర్వాత ఒక అంకె ఉన్న నంబరు ఉంటుంది. ఫోన్‌లో రిజిస్ట్రీ తెరిచి ఆ నంబరు కొట్టండి, డబ్బు కట్టక్కర్లేదు. డబ్బు ఎవరు పెడుతున్నారో, ఏయే ఆసుపత్రుల్లో జరుగుతోందో, ఏ ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో చేరినవాళ్ల హక్కులు, భద్రత చూసే కమిటీ) అనుమతి ఇచ్చిందో, ఎలాంటివాళ్లని తీసుకోకూడదో అన్నీ ఉంటాయి. మీరు కూర్చున్న ఆసుపత్రి పేరు ఆ జాబితాలో లేకపోతే అక్కడే ఆగి, ఎందుకు లేదో అడగండి. ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు ఫారంలో ఉంటుంది, కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి, సగం మంది ఆ ఆసుపత్రికి సంబంధం లేనివాళ్లు కావాలి, డాక్టర్లే కాకుండా లాయరు, మామూలు మనిషి ఒకరు కూడా ఉండాలి. డాక్టరుగారి మీద ఫిర్యాదు చేసినట్టవుతుందేమోనని మొహమాటపడకుండా ఆ నంబరుకి ఫోన్ చేయొచ్చు, అది ఉన్నదే అందుకు.

చేరాక మీ ఫైలులో మొట్టమొదట మీ సమ్మతి పత్రం కాపీ, దాని వెనక చేరకముందు తీసిన ఎకో, ఈసీజీ, రక్తపరీక్షలు తేదీలవారీగా పెట్టండి. వేరే డాక్టరు దగ్గరికి జ్వరానికి వెళ్లినా, ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ చేయించుకున్నా, నాటు మందు వాడినా కోఆర్డినేటర్‌కి చెప్పండి, మేం తిట్టం, రాసుకుంటాం. ఆసుపత్రిలో చేరాల్సినంత ఇబ్బంది వస్తే అదేరోజు ఫోన్ చేయండి, ఎందుకంటే తీవ్రమైన హాని జరిగిన 24 గంటల్లోపు పరిశోధక డాక్టరు దాన్ని పైకి తెలియజేయాలి, మీరు చెప్పకపోతే ఆయనకి తెలిసేదెలా? ట్రయల్‌లో ఉన్నప్పుడు వచ్చిన ఇబ్బందికి వైద్యం ఉచితంగా చేయాలి, అది ట్రయల్‌కి సంబంధం లేనిదని తేలేదాకా మీ దగ్గర బిల్లు అడగకూడదు. మానేయాలనుకుంటే కారణం చెప్పాల్సిన పని లేదు, కానీ మాత్రలు మధ్యలో విసిరేయకుండా ఒకసారి వచ్చి ఆఖరి పరీక్ష చేయించుకుని, ఏ మందు ఎలా ఆపాలో తెలుసుకుని మానండి, కొన్ని గుండె మందులు ఉన్నట్టుండి ఆపితే ప్రమాదం.

ఒక్క విషయంలో మాత్రం మాకు ఫోన్ చేస్తూ కూర్చోకండి. అర్ధరాత్రి ఛాతీలో బరువుగా నొక్కినట్టుండి చెమటలు పట్టినా, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోవద్దు, ముందు 108కి ఫోన్ చేయండి. ట్రయల్ వాళ్లిచ్చిన కార్డు, మీరు వాడే మందుల చీటీ జేబులో పెట్టుకుని ఎక్కండి, మీరు ఏ మందు మీద ఉండొచ్చో అక్కడి డ్యూటీ డాక్టరుకి తెలియాలి. కోఆర్డినేటర్‌కి ఫోను ఆ తర్వాత ఇంట్లోవాళ్లు ఎవరైనా చేయొచ్చు.